బార మీద మూర

నా ఉద్యోగం చివరి సంవత్సరం, వానలు వెనకబట్టాక, మింగళాడోన్ వైపున్న ఒక పడవల శిక్షణ కేంద్రంలో నన్ను సామగ్రి పర్యవేక్షకుడిగా వేశారు. హోదాలో ప్రధాన శిక్షకుడు ఊ టిన్ తర్వాతివాణ్ణి. పడవలు, తెడ్లు సరిచూడటం, పరీక్షల ఫలితం కింద రెండో సంతకం పెట్టడం నా పని.

అప్పుడే సహాయ శిక్షకుడి ఖాళీ ఒకటి వచ్చింది. పజుండౌంగ్ నుంచి మా దూరపు చుట్టం లక్ష్మి, ఇన్సేన్ నుంచి కో జా అనే పొడుగాటి యువకుడు పోటీపడ్డారు. లక్ష్మి తండ్రి కొట్టు మూతపడి ఉంది. ఆ ఇంటి ఆశంతా ఈ జీతం మీదే.

అంతకుముందే ఒక విదేశీ అతిథి రెండు ధ్రువప్రాంతపు కయాక్ తెడ్లు మాకిచ్చి వెళ్లాడు. కయాక్ ఒక్కరు కూర్చునే సన్నటి పడవ. దాని తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి. గ్రీన్‌లాండ్ తెడ్డు రెక్క సన్నం, రెండు ముఖాలూ ఒకటే. అల్యూషియన్ దీవుల తెడ్డుకు ఒక ముఖాన వెన్నులాంటి గట్టు, రెండో ముఖం దాదాపు చదును. ఏ రకం మేలో, ఉద్యోగం ఎవరికో ఒకే పరీక్షలో తేల్చేద్దామన్నాడు ఊ టిన్.

నేను కాలేజీ మెట్లెక్కలేదు. గ్రంథాలయంలో ఈ తెడ్ల గురించి దొరికినదంతా మాత్రం చదివాను. గ్రీన్‌లాండ్ వాళ్లు తెడ్డును వాడేవాడి ఒంటితో కొలుస్తారు: పొడవు వాడి బార మీద మూర, రెక్క వెడల్పు వాడి గుప్పిట పట్టేంత. మా దగ్గరున్నవి భారీ మనిషైన ఆ అతిథి కొలతవి. ఆ మాటే ఊ టిన్‌కు చెప్పాను.

"పుస్తకాల్లో పడవలు నడవవు, సయా. అందరికీ ఒకే తెడ్డు, అదే న్యాయం," అన్నాడు. సయా అంటే బర్మా భాషలో మాస్టారు. ఆయన నోట అది వెక్కిరింత.

కో జా రెండు తెడ్లతోనూ పరీక్షకు పెట్టిన దూరం సులువుగా వెళ్లొచ్చాడు. లక్ష్మి రెండింటితోనూ వెనకబడింది.

"ఏటి బాబాయ్, తెడ్డడిగితే దూలం ఇచ్చీసినారు. సేతికే రాట్లేదు," అంది ఒడ్డుకొచ్చి.

ఈ తెడ్లు ఆడవాళ్లకు పనికిరావనీ, లక్ష్మి ఉద్యోగానికి పనికిరాదనీ ఊ టిన్ తేల్చేశాడు. నేను సంతకం పెట్టనన్నాను. తేలిక చెక్కతో ఆమె బార మీద మూర కొలిచి గ్రీన్‌లాండ్ తెడ్డు చెక్కించాను. ఆయన చూస్తుండగానే ఆమె అదే దూరం కో జాకు తీసిపోకుండా వెళ్లొచ్చింది.

"ఇంకో తెడ్డుతో నడిపితే లెక్కలోకి రాదు," అన్నాడు. నా బదులు ఆఫీసులో ఇంకెవరి చేతో రెండో సంతకం పెట్టించుకున్నాడు.

ఉద్యోగం కో జాకు వచ్చింది. అతను మంచి పనివాడు, అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. లక్ష్మి బట్టల ఫ్యాక్టరీలో చేరింది.

రెండు తెడ్లను పోల్చాలంటే ముందు రెండూ పట్టేవాళ్ల కొలతకు ఉండాలి. లేకపోతే ఆ పరీక్షలో తెడ్డు గుణమూ తేలదు, మనిషి సత్తా కూడా తేలదు. తెడ్డు ఎవరి కోసం చెక్కారో అదొక్కటే తేలుతుంది. దాన్ని న్యాయమనడానికి నేను అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.