ఆరున్నొకటి

మా అమ్మ తన జీవితంలో ఎన్నడూ ‘ఏడు’ అన్న అంకెను పలకలేదు. ఆ మాట నోట వస్తే ఇంట్లోకి ఏడుపు వస్తుందని ఆమె నమ్మకం. జొన్నలు కొలిచేటప్పుడు మొదటి మానికను ‘లాభం’ అనేది. తర్వాత రెండు, మూడు అంటూ సాగి, ఏడు దగ్గరికి వచ్చేసరికి ‘ఆరున్నొకటి’ అని దాటేది. పది కాగానే మళ్ళీ లాభంతో మొదలు. మా వైపు ఊళ్లలో ఇది అందరి పద్ధతే. పుట్టినప్పటి నుంచి చెవిన పడుతున్న మాటలు కావడం వల్ల నేను వాటిని ఎన్నడూ వినలేదనే చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి సంవత్సరాలవి. మా మార్కాపురం తాలూకా అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మా ఊరు యర్రగొండపాలేనికి అవతల, అడవి అంచున ఉంది. నాయన గొర్రెల కాపరి. మా వంశంలో పలక పట్టిన మొదటివాణ్ణి నేను. కర్నూలులో గణితంతో బి.ఏ. పూర్తిచేసి, ఉపాధ్యాయ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని, ఆ వేసవి ఇంటి దగ్గర గడుపుతున్నాను.

కాలేజీలో చివరి సంవత్సరం మా గణితం లెక్చరరుగారు ఒక కొత్త సంగతి చెప్పారు. కలకత్తాలో లెక్కలు చేసే యంత్రం ఉందట. తాను కూడుతున్నది వర్షపాతమో, రైలు దూరమో దానికి తెలియదు, తెలియనక్కరలేదు. ఏ పని తర్వాత ఏ పని చేయాలో మనిషి ముందుగా రాసి ఇస్తే, రాసినదాన్ని రాసినట్టు చేస్తుంది. తెలివి అంతా ఆ రాతలోనే ఉండాలన్నారాయన. ఒక మనిషి తెలివిని అతని నుంచి విడదీసి కాగితం మీద పెట్టవచ్చు, దాన్ని ఇంకెవరైనా ఏమీ తెలియకుండానే వాడుకోవచ్చు అన్న ఆలోచన నన్ను నెలల తరబడి వదలలేదు. చదువు నాకిచ్చిన వాటిలో అదే గొప్పదనుకున్నాను.

ఆ వేసవికి నాయన కళ్ళకు పొరలు కమ్మాయి. అడవి దారులు కాళ్ళకు తెలుసు కనుక మందను తోలుకుపోయేవాడు కానీ, గొర్రెల ముఖాలు ఆనేవి కావు. నాయన మందను ఎన్నడూ లెక్కపెట్టలేదు. మొత్తం ఇంత అని పైకి అంటే దిష్టి తగులుతుందని కాపరుల భయం. సాయంత్రం దొడ్డికి అడ్డం పెట్టిన కంప తీసి నిలబడి, లోపలికి పోయే ప్రతి గొర్రె తలమీదా చెయ్యి వేసేవాడు. ఏది రాలేదో ఆ చెయ్యే చెప్పేది. నేను దాన్ని అలవాటు అనుకున్నాను. లెక్క అనుకోలేదు.

మార్కాపురంలో పలకలు కోసేచోట పారేసిన ముక్కలు ఒక సంచెడు తెచ్చి, నాయన కోసం ఒక పద్ధతి కాగితం మీద రాసి తయారుచేశాను. పొద్దున మంద బయటికి పోయేటప్పుడు అమ్మ పైకి లెక్కపెడుతుంది. నాయన అంకె వినిపించినప్పుడల్లా సంచిలో ఒక ముక్క వేస్తాడు. సాయంత్రం మంద లోపలికి వచ్చేటప్పుడు, అంకె వినిపించినప్పుడల్లా ఒక ముక్క తీస్తాడు. చివరికి సంచిలో ఎన్ని ముక్కలు మిగిలితే అన్ని గొర్రెలు తప్పిపోయినట్టు. మొత్తం ఎంతో ఎవరూ అనక్కరలేదు కాబట్టి దిష్టి భయమూ లేదు.

“తల ముట్టుకోవద్దా?” అని అడిగాడు నాయన.

“వద్దు నాయనా. గొర్రెతో నీకు పనే లేదు. అమ్మ నోట అంకె వింటే ముక్క వెయ్యి, అంతే. ఆలోచించొద్దు.”

“ఓరి నీ! ఆలోచించకుండా ఉండేదానికా నిన్ను అన్నేండ్లు చదివించింది?”

“నీకు పనికొచ్చే చదువే చదివినాడులే,” అంది అమ్మ.

పక్క దొడ్డి కాపరి, వరసకు నాకు మామ, కంప మీదుగా తల పెట్టి, “ఏమల్లుడా, గొర్రెల్ని గూడా బడికి పంపుతాండావంటనే, పలకలు తెచ్చినావు!” అన్నాడు.

మూడు రోజులు పరీక్షించాను. మందలో నలభై ఏడు ఉన్నాయని నేను గోడ మీద కూర్చుని ఎవరికీ చెప్పకుండా లెక్కపెట్టుకున్నాను. రోజూ పొద్దున మంద పోయాక సంచి గుమ్మరించి చూస్తే నలభై ఏడు ముక్కలే ఉండేవి. సాయంత్రానికి సంచి ఖాళీ. నాయన చెయ్యి ఎప్పుడు కదులుతున్నదో ఒక్కసారి కూడా చూడలేదు. జవాబు సరిపోయింది కదా, ఇంకేం చూడాలి?

ఉద్యోగం ఉత్తర్వు సంగతి కనుక్కోవడానికి మార్కాపురం వెళ్లి, రెండు రోజులుండి, మూడో రోజు మధ్యాహ్నం ఇల్లు చేరాను. మా వాకిట్లో చెవి చీలిన గొర్రెను తాడుతో పట్టుకుని మామ నిలబడి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం సంచిలో రెండు ముక్కలు మిగిలాయట. తెల్లవారగానే నాయన ఆ రెంటినీ పంచె కొంగున ముడివేసుకుని అడవికి పోయాడట.

“వాగుకాడ కనపడి దీన్ని నా చేతికిచ్చినాడు,” అన్నాడు మామ. “ఎండ సూడు బావా, ఇంటికి పోదాం రా అంటే ఇనలా. ఒకటి దొరికింది, ఇంకొకటుండాది అని గుట్ట పైకి పోయినాడు.”

మందను ఆ రోజు బయటికి వదలలేదు. రెండోది ఏదో తేల్చుకుందామని కంప తీసి, చెవి చీలినదాన్ని కూడా కలిపి ఒక్కొక్కదాన్నే బయటికి పంపాను. అమ్మ లెక్కపెట్టింది. సంచి నేను పట్టుకున్నాను.

“లాభం,” అంది అమ్మ. నేను ముక్క వేశాను.

“లాభానికెందుకేస్తివి? మీ నాయన వెయ్యడు.”

“ఎందుకు?”

“లాభం అంకె గాదు గదా. అంకె వింటేనే వెయ్యమంటివి.”

నా చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. “మరి ఆరున్నొకటికి?”

“దానికి రెండేస్తాడు. ఆరొక అంకె, ఒకటొక అంకె. నువ్వు చెప్పినట్టే చేసినాడు అబ్బయ్యా, రవ్వంత గూడా తప్పలా.”

ప్రతి పదిలోనూ మొదట ఒక ముక్క తగ్గుతోంది, ఏడో గొర్రె దగ్గర ఒకటి ఎక్కువ పడుతోంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుంటున్నాయి. నలభై ఏడు సరిగ్గా ఆరున్నొకటి దగ్గరే ఆగుతుంది కాబట్టి తేడా రాలేదు. ఒక గొర్రె తప్పిపోయి నలభై ఆరే వచ్చిన సాయంత్రం, చివరి వరస ఆరు దగ్గర ఆగిపోయింది. లాభానికి తీయని ముక్క సంచిలోనే ఉండిపోయింది. తప్పిపోయింది ఒక్కటే. మిగిలినవి రెండు ముక్కలు. లెక్క పూర్తిచేశాను. నలభై ఏడూ మా వాకిట్లోనే ఉన్నాయి.

“రాత్రి నాయన ఏమన్నా అన్నాడా?” అని అడిగాను.

“నువ్వు లేవు గదా అని దొడ్లోకి పోయి తలలు తడిమి చూసుకున్నాడు. చెవి చీలింది ఒకటే రాలేదే అన్నాడు. మళ్ళా తనే, నా చెయ్యిదేముండాది, ముసిలి చెయ్యి, వాడు డిగ్రీ చదివినోడు, సంచిలో రెండుండాయి అన్నాడు.”

లేని గొర్రె కోసం పోయిన మనిషి, ఊరివాళ్ళతో కలిసి అడవంతా వెతికితే, మరుసటి రోజు మధ్యాహ్నం దొరికాడు. ఎండిన వాగులో, రాతి చరియ కింద పడి ఉన్నాడు. తుంటి విరిగింది. నాలుక పిడచకట్టుకుపోయింది. పంచె కొంగు ముడిలో ఒక పలక ముక్క ఉంది. మంచం మీద మోసుకొచ్చి, బండిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన చూసి, ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు.

మాట వచ్చిన రోజు నాయన అడిగిన మొదటి మాట, “రెండోది దొరికిందా?”

“దొరికింది నాయనా,” అన్నాను.

“ఏది?”

ఏదో ఒకటి చెప్పాలి. నాకు ఒక్క గొర్రె కూడా తెలియదు. నలభై ఏడు అని మాత్రమే తెలుసు. నాయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

పడిపోయాక నాయన ఎన్ని రోజులు బతికాడని పరామర్శకు వచ్చినవాళ్ళు అడిగితే, అమ్మ ఆరున్నొకటి అని చెప్పేది.

ఉద్యోగం ఉత్తర్వు వచ్చేలోగా మందను అమ్మేశాం. తోలుకుపోయే రోజు అమ్మ లెక్కపెట్టలేదు. నేను ఆ పద్ధతి రాసుకున్న కాగితం తీసి, అంకె వినిపించినప్పుడల్లా అన్నచోట కొట్టివేసి, ఒక్కొక్క గొర్రె దాటినప్పుడల్లా అని రాశాను. దిద్దడానికి అంతకంటే ఏమీ అవసరం కాలేదు. ఒక నిమిషం కూడా పట్టలేదు.