బడికి రాని పిల్ల

ఇది నా భార్యకు కూడా చెప్పలేదు. ఎవరైనా నన్ను "మంచి అయ్యవారు" అంటే చాలు, గుండెలో ముల్లు కదులుతుంది. ఏళ్ళ తరబడి మోశాను. మీకు చెప్తున్నాను, వినండి.

తర్లుపాడుకు అవతల, కూలి చేసుకునే కిరస్తానీ కుటుంబాల పాలెంలో మా బడి ఉండేది. దానికి మద్రాసు సర్కారు గుర్తింపు లేదు. గుర్తింపు లేని బడిలో ఎంత చదివినా మార్కాపురం హైస్కూలులో చేర్చుకోరు. అప్పటికి అక్కడ చదవగలిగిన పిల్ల మాకు ఒక్కతే, సుందరమ్మ. గుర్తింపు కోసం నేను కాళ్ళరిగేలా తిరిగింది ఆ పిల్ల కోసమే. నిజంగా ఆమె కోసమేనా? అప్పుడు అవుననే అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు గారు సరిగ్గా జొన్న కోతల్లో వచ్చారు. పిల్లలంతా చేలల్లో ఉన్నారు. చాపలు ఖాళీగా కనిపిస్తే పని చెడినట్టే. పక్క ఊరి బడి పిల్లల్ని తెచ్చి, మా పిల్లల పేర్లకు పలకమన్నాను. కోతల కాలంలో చిన్న బడుల వాళ్ళం అట్లా పిల్లల్ని ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. తప్పని తోచేది కాదు.

"సుందరమ్మ" అని పిలవగానే అరువు పిల్ల లేచి హాజరు పలికింది. అప్పుడే అసలు సుందరమ్మ కొడవలితోనే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"కూలి పోతే పోయిందని నాయన పంపించినాడు అయ్యవారూ!"

"ఎవరీ పిల్ల?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"గొర్లు కాసే పిల్లండీ. బడికి రాదు," అన్నాను. నాకు నోరెట్లా వచ్చింది?

ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, వచ్చిన దారినే చేలకు వెళ్ళిపోయింది.

గుర్తింపు వచ్చింది. సుందరమ్మ రాలేదు. గుడిసెకు వెళ్ళి రమ్మన్నాను. వాళ్ళ నాయన తల వంచుకున్నాడు. ఆమే చెప్పింది.

"నేనొస్తే ఆ దొర మల్లా వచ్చి చూస్తాడు గద అయ్యవారూ. మీరు అబద్ధం చెప్పినారని తెలిస్తే బడి పోతది. నేను రాను లెండి."

అట్లా కాదు తల్లీ, ఉన్నదున్నట్టు ఆయనకు నేనే చెప్తాను, బడి పోతే పోనీ అనాలి. అన్నానా? లేదు. ఆ తరువాత మార్కాపురం చదువుకు వెళ్ళిన ప్రతి పిల్లవాణ్ణీ చూసి గర్వపడ్డాను గానీ, చేల గట్టున ఎదురై "బాగుండారా అయ్యవారూ" అని సుందరమ్మ పలకరించినప్పుడల్లా, అందులో రవ్వంత నిష్ఠూరమైనా ఉందేమోనని వెతుక్కునేవాణ్ణి. ఉండేది కాదు.

అబద్ధం సంగతి దేవుడెరుగు. ఆ రోజు గుడిసె ముందు ఆమె "నేను రాను" అన్నప్పుడు, నాకు అమ్మయ్య అనిపించింది. ఇన్నాళ్ళూ నా నోటికి రానిది ఈ మాటే.