పెదనాన్నకు ఆగిపోయిన పలకరింపు

వేదవతి ఉద్యోగం వినడం. 2006లో, అడవికి దేశాల దూరంలో, హెండర్సన్ పట్టణంలోని తన ఫ్లాట్‌లోనే కూర్చుని, ఒక విశ్వవిద్యాలయ పరిశోధన కోసం, ఉగాండా అడవి చింపాంజీల అరుపులు విని ఏది ఎవరి గొంతో గుర్తించేది. వాటిని రికార్డు చేసేది ఆమె స్నేహితురాలు నిరుపమ. గుంపు పెద్ద వెంటే మైకు పట్టుకుని నడిచే నిరుపమకు ఒక్కో గొంతూ విడదీసి వినే వీలుండదు. మగవాటి మధ్య కొట్లాట సూచనలు వినబడితే హెచ్చరించవలసింది వేదవతే; అప్పుడు నిరుపమ వెనక్కి తగ్గాలి. అయితే డిస్కులు కొరియర్‌లో చేరేసరికి వారాలు గడిచేవి.

అధ్యయనంలో జంతువులకు అంకెలే ఉండేవి. అవి గుర్తుండక వేదవతి వరసలు కలిపి, నిరుపమకూ చెప్పింది. గుంపు పెద్ద పెదనాన్న, దాని తర్వాతి మగది చిన్నాన్న. వరసతోపాటే 'ఆయన' అనడమూ వచ్చింది.

కింది స్థాయి చింపాంజీ పైదాని దగ్గరకు రొప్పుతున్నట్టు మూలుగుతూ వెళ్తుంది. అది లొంగుబాటు. ఆ జూలై డిస్కుల్లో చిన్నాన్న మూలుగు తగ్గుతూ వచ్చి ఆగిపోయింది.

"పెదనాన్నని పలకరించడం మానేశాడండీ," అంది వేదవతి, టిఫిను పెడుతూ.

"మా అన్నయ్యకి నేను రోజూ దండం పెడుతున్నానా?" అన్నాడు భర్త శ్రీనివాసమూర్తి. "ఏరా అంటాడు, ఊఁ అంటాను. అంతే."

"అదే కదా మీ అన్నయ్య అందరికీ చెప్పుకుని ఏడ్చేది."

చనువు పెరిగిందనే ఆమె నమోదు చేసింది. తాను కలిపిన వరసే తనను నమ్మించిందని తోచలేదు. హెచ్చరిక వెళ్ళలేదు.

తర్వాతి డిస్కులో ఆ మూలుగు మళ్ళీ వినిపించింది. గొంతు మాత్రం పెదనాన్నది; ఇప్పుడు లొంగుతున్నది ఆయనే. "పెద్దది రెండోదాని దగ్గరకు వెళ్తోంది. ప్రశాంతంగానే ఉన్నాయి," అని మైకులో నిరుపమ గుసగుస. మిగతా మగవేవీ పెదనాన్న పక్షాన అరవలేదు.

వేదవతి క్యాంపుకు ఫోన్ చేసింది. లైను కలవలేదు. పెదనాన్న వెంట నడవవద్దని మెయిల్ పంపింది.

మరుసటి ఉదయం నిరుపమే ఫోన్ చేసింది.

"నీ మెయిల్ ఇప్పుడే చూశాను వేదా. నీ పెదనాన్నని నిన్ననే చంపేశాయి. అన్నీ కలిసి. నేను పక్క పొదల్లోనే ఉన్నాను."

"నీకేమైనా దెబ్బలు తగిలాయా?"

"లేదు. నీ చిన్నాన్న నన్ను చూశాడు. చాలాసేపు చూసి, చేతికంటిన నెత్తురు నాక్కుంటూ వెళ్ళిపోయాడు."

"ఇంక వెళ్ళకు నిరూ."

"ఎలా కుదురుతుంది? రేపటినుంచి ఆయన వెనకే నడవాలి. గుంపు పెద్ద ఇప్పుడు ఆయనే."