గోడ మీద ఎర్రగీత

మా సైట్ ఇంజనీరుది జర్మనీ ఉత్తరాన నది ఒడ్డున ఓ చిన్న ఊరు. వరద వచ్చినప్పుడల్లా నీళ్లు లేచినంత ఎత్తున అక్కడి చర్చి గోడ మీద గీత చెక్కి, పోయినవాళ్ల పేర్లు రాస్తారట. ఫోన్లో ఆ ఫోటో చూపిస్తూ, తమ ఊరు ఎవ్వరినీ మరవదని మురిసిపోయేవాడు.

దోహాలో నది లేదు. మా చావుకు ఒక్క వాన చాలు. మేం కడుతున్న బిల్డింగ్ బేస్‌మెంట్‌లోకి నీళ్లు ముంచుకొచ్చి, లోపల పనిచేస్తున్న నా రూమ్మేట్ మునిగిపోయాడు. నీళ్లు తోడాక, ఇంజనీరు మెచ్చుకుంటాడనుకుని, నీళ్లు లేచినంత ఎత్తున గోడ మీద ఎర్రగీత గీసి వాడి పేరు రాశాను.

ఇంజనీరు చూసి, ఫోర్మన్‌తో ఏదో చెప్పి వెళ్లిపోయాడు. ఫోర్మన్‌ది మా జగిత్యాలే.

"పేరు తుడువు," అన్నాడు. "గీత ఉండనీయమన్నడు. పంపు ఎంతెత్తుల పెట్టాల్నో దాన్ని చూస్తే తెలుస్తదంట."