బాలుర బడికి పదేళ్ళ ప్రణాళిక

నేను ప్రధానోపాధ్యాయురాలిగా చేరిన జూన్‌లో ఆ బడిలో సగం గదులకు తాళాలు వేసి ఉన్నాయి. బోధన్ పట్టణం అంచున, ఒకప్పుడు చెరుకు బండ్లు బారులు తీరిన రోడ్డు పక్కన ఉంటుంది మా బాలుర ఉన్నత పాఠశాల. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కార్మికుల కొడుకులు, చుట్టుపక్కల చెరుకు రైతుల కొడుకులు అందులోనే చదివారు. పదో తరగతి పాసైతే ఫ్యాక్టరీలో ఏదో ఒక పని, ఫెయిలైతే పొలం. ఏ పిల్లవాడు ఎటు పోతాడో ఇంటికీ తెలుసు, బడికీ తెలుసు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ తెలివిడి పోయింది. నిజాంసాగర్ కాలువ నీళ్ళు వస్తూనే ఉన్నాయి గానీ చెరుకు నిలిచిన చోట వరి, సోయా వచ్చాయి. కాస్త కలిగిన కుటుంబాలు పిల్లల్ని పసుపుపచ్చ బస్సులెక్కించి ప్రైవేటు బళ్ళకు పంపసాగాయి. మాకు మిగిలినవాళ్ళు బీడీలు చుట్టే ఇళ్ళ పిల్లలు, కూలి చేసే ఇళ్ళ పిల్లలు, తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు.

చేరిన కొద్ది రోజులకే నిజామాబాద్‌లోని ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, తర్వాత అసలు మాట చెప్పాడు.

"మేడం, మీ బడిని ఊళ్ళె ఇంకో బడిల కలపాలన్న మాట నడుస్తున్నది. ఇప్పుడే కాదు. మీరైతే పదేండ్లకు ఒక అభివృద్ధి ప్రణాళిక రాసి పంపుండ్రి. అది సూసి పైన ఆలోచిస్తరు."

"కలిపితే పల్లెల నుంచి వచ్చే పిల్లలు అంత దూరం పోతారా సార్?" అని అడిగాను.

"పోరు," అన్నాడు ఆయన, దాచకుండా.

తిరుగు బస్సులో కూర్చున్నప్పుడు నాకు కోపం రాలేదు. మొండితనం వచ్చింది. మా బాపు డిచ్‌పల్లిలో, మిషన్ వాళ్ళ కుష్ఠు ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాడు. ఆ క్వార్టర్లలోనే పెరిగాను. ఏళ్ళ తరబడి మందు మింగి, పుండ్లు కడిగించుకుని, ఒకనాడు మూట కట్టుకుని ఇంటికి పోయే మనుషులను చూస్తూ పెరిగినదాన్ని. నెమ్మదిగా జరిగే పని అంటే నాకు భయం లేదు. ఈ బడిని నా చేతుల మీదుగా మూయనివ్వకూడదనుకున్నాను.

మా బడిలో అందరికంటే పెద్ద లెక్కల సారు. జీవితంలో సగం అక్కడే పనిచేశాడు, రిటైర్మెంటు దగ్గర పడింది. ప్రణాళిక సంగతి చెబితే తేలిగ్గా నవ్వాడు.

"గిసొంటివి నేను మస్తు సూసిన మేడం. కాంపౌండ్ గోడ, బాత్రూములు, కంప్యూటర్లు. ఇవి రాసి పంపుండ్రి. వాళ్ళు బీరువల పెట్టుకుంటరు, మనం క్లాసుకు పోదాం."

నేను అలా పంపదలచుకోలేదు. పాఠశాల కమిటీని పిలిచాను. చైర్మన్ ఒక తల్లి. ఆమె బీడీలు చుట్టి ముగ్గురు కొడుకులను సాకుతోంది. భర్త లేడు. మీటింగుకు కూడా చాటలో తునికాకు తెచ్చుకుని, మాట్లాడుతూనే చుట్టేది. ఆ రోజు వరండాలో చాలామందే కూర్చున్నారు. పదేళ్ళ తర్వాత ఈ బడి ఎలా ఉండాలి, మీ పిల్లలు ఏం కావాలి అని అడిగాను. ముందు ఆ తల్లే నోరు విప్పింది.

"పని నేర్పుండ్రి మేడం. కరెంటు పని, ఏసీ పని. పది అయినంక ఎట్లయిన మస్కటో దుబాయో పోతరు. ఆడికి పోయి ఇటుకలు మోసుడు కన్న చేతిల పని వట్టుకొని పోతే నయం గద."

వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక తండ్రి లేచాడు. దుబాయిలో చాలా ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి, నడుము దెబ్బతిని తిరిగి వచ్చిన మనిషి. కొడుకు మా దగ్గర ఎనిమిదిలో ఉన్నాడు.

"అక్కా, నీ కొడుకుల సంగతి నువ్వు సూసుకో. మేడం, మీ ప్లాన్ల నా కొడుకు పేరు మీద దుబాయి రాయకుండ్రి. నేను పోయిన, సాలు. వాడు పుట్టిన్నాడు నేను లేను. వాని మొకం నేను సూసేసరికి వాడు నన్ను సూసి తలుపెనుక దాక్కున్నడు."

"మరి ఇక్కడ ఏమున్నదన్నా? ఫ్యాక్టరీ ఉన్నదా?" అంది ఆమె.

అక్కణ్ణుంచి మాట పెరిగింది. కొందరు ఆమె వైపు, కొందరు ఆయన వైపు. ఏ నిర్ణయమూ కాకుండానే లేచిపోయారు. ఇద్దరి మాటా నాకు న్యాయంగానే తోచింది. పిల్లలు ఎక్కడికి పోతారో తెలియకుండా వాళ్ళకు బడిని ఎలా కట్టాలి?

పెద్దవాళ్ళను అడిగాను కదా, వదిలిపోయినవాళ్ళను అడుగుదామనిపించింది. తొమ్మిదిలోనో పదిలోనో మానేసిన పిల్లల ఇళ్ళకు బయలుదేరాను. నాకు దారులు తెలియవు. లెక్కల సారు తన స్కూటర్ మీద తీసుకుపోతానన్నాడు. "పోదాం పాండ్రి, ఎట్లయిన ఆదివారం ఖాళీనే," అన్నాడు. ఆ మాటలో ఉత్సాహమేమీ లేదు.

కాలువ గట్ల వెంట, వరి మళ్ళ మధ్య, వాన కురిసి జారే మట్టి దారుల్లో తిరిగాం. కొన్ని ఇళ్ళకు తాళం. కొన్నిచోట్ల తల్లి ఉంది గానీ పిల్లవాడు పనికి పోయాడు. ఎందుకు మానేశాడంటే ఇంట్లో ఇబ్బంది అన్నారు, ఇష్టం లేదన్నారు, దోస్తులతో చెడిపోయాడన్నారు. ఒక పిల్లవాడు మాత్రం పట్టణంలోనే, ట్రాక్టరు ట్రాలీలు చేసే వెల్డింగు షాపులో దొరికాడు. తొమ్మిది మధ్యలో మానేశాడట. సారును చూడగానే నల్ల కళ్ళద్దాలు తీసి నిలబడ్డాడు. మంచి పొడగరి, అప్పుడే మీసాలు వస్తున్నాయి.

"ఎందుకు మానేసినవ్ బిడ్డా?" అని అడిగాను.

"ఊకెనే మేడం."

"ఊకెనే ఎవరన్న మానేస్తరా? లెక్కలు మంచిగ చేస్తుంటివి గద," అన్నాడు సారు.

వాడు నేల చూశాడు. షాపు యజమాని లోపలికి పోయేదాకా ఆగి, అప్పుడు చెప్పాడు. "బోర్డు మీద ఉన్నది సూసి రాస్త సార్. అంకెలైతే చేస్త. సదవరాదు. పదిల పేపర్ ఇస్తే ఏమడిగిండ్రో నాకు తెల్వది. అందరి ముంగట ఇజ్జత్ పోతదని మానేసిన."

సారు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. పట్టణం దాటి, స్కూటర్‌ను బడి గేటు దగ్గర ఆపాక అన్నాడు.

"నా ముంగట బెంచీల కూసున్నడు మేడం. రాత ముత్యాల్లెక్క ఉంటుండె. సూసి రాస్తున్నడని నేను గుర్తువట్టలే." స్కూటర్‌కు స్టాండు వేసి, "ఇసొంటోళ్ళు ఇంక ఎంతమంది ఉన్నరో సూద్దాం. రేపే," అన్నాడు.

మర్నాడే మొదలుపెట్టాం. ఒక్కొక్క పిల్లవాణ్ణి విడిగా పిలిచి, చిన్న కథ చేతికిచ్చి చదవమన్నాం. ఆరులోనే కాదు, తొమ్మిదిలోనూ తడబడేవాళ్ళు మేం భయపడిన దానికంటే ఎక్కువమంది తేలారు. కొందరు జ్వరమన్నారు, కొందరు కళ్ళు మండుతున్నాయన్నారు. నాకు ఆ పూట ప్రణాళిక దారి దొరికింది. పిల్లవాడు మస్కట్ పోనీ, పొలానికి పోనీ, కాలేజీకి పోనీ, చదవడం రాకుండా ఈ గేటు దాటకూడదు. మొదటి పేజీలో ఆ ఒక్క మాటే రాశాను. రోజూ మొదటి పీరియడులో బడి మొత్తం చదవడం సాధన చేయాలి, ఆ గంటను ఏ సిలబస్సూ తీసుకోకూడదు అని కింద చేర్చాను. తర్వాతి పేజీల్లో తాళం వేసిన గదుల్లో ఏం రావాలో రాశాను: ముందు ఒక గ్రంథాలయం, ఆ తర్వాత చేతిపనుల గది, సైన్సు ల్యాబు, చివరికి పల్లె పిల్లలు పరీక్షల కాలంలో ఉండి చదువుకోవడానికి ఒక హాలు. ఏది ముందు, ఏది తర్వాత అని కమిటీలో మళ్ళీ కూర్చుని తేల్చుకున్నాం.

నిజామాబాద్ ఆఫీసులో ఆ అధికారి మొదటి పేజీ చూసి కళ్ళజోడు తీశాడు.

"మేడం, చదువు రావాలని రాస్తే ఎవరు మంజూరు చేస్తరు? బడి అన్నంక చదువు వస్తదనే గద అందరు అనుకునేది. పైవాళ్ళు సూస్తే మన పరువే పోతది. ఇది తీసెయ్యుండ్రి. గదులు, గోడలు ముందు పెట్టుండ్రి."

"మంజూరు అడగడం లేదు సార్. మేం చేసేది చెబుతున్నాం. వెనక పేజీల్లో మీరు ఏది కోసినా సరే, మొదటి పేజీ మాత్రం ఉండనివ్వండి."

ఆయన చివరికి సంతకం పెట్టి, "విలీనం సంగతి నేను మాట ఇయ్యలేను," అన్నాడు. ఇవ్వమని నేను అడగలేదు.

అనుకున్నంత సులువుగా ఏదీ కాలేదు. చదవగలిగిన స్థాయిని బట్టి పిల్లలను గుంపులు చేస్తే, తొమ్మిదో తరగతి వాళ్ళు కొందరు ఆరో తరగతి పిల్లల పక్కన కూర్చోవలసి వచ్చింది. ఆ వారమంతా వాళ్ళు బడికే రాలేదు. ఒక టీచరమ్మ, "మనమే ఎళ్ళగొట్టినట్లయింది మేడం," అంది. నిజమే. ఏం చేయాలో తోచక చైర్మన్ ఇంటికి పోయాను. ఆమె గడపలో కూర్చుని బీడీలకు దారం చుడుతోంది.

"మీసాలొచ్చిన పిలగాండ్లను చిన్నోళ్ళ నడుమ కూసోవెడితే ఉంటరా మేడం?" అంది ఆమె. "నా పెద్దోడు ఇంట్ల తమ్ముని ముంగట తిట్టినా అన్నం తినడు. వాళ్ళకు ఏరే అర్ర ఇయ్యుండ్రి. తలుపేసుకొని సదువుకుంటరు."

తాళం వేసిన గది ఒకటి తెరిపించాం. లోపల విరిగిన బెంచీలు, గబ్బిలాల వాసన. పైకప్పు ఒక మూల కారుతోంది. శుభ్రం చేయించి తొమ్మిది, పది తరగతుల వాళ్ళకు ఇచ్చాం. పాఠం చెప్పేది ఎవరంటే లెక్కల సారు తానే చేయి ఎత్తాడు. తెలుగు వాచకం తెరవలేదు ఆయన. పేపర్లో క్రికెట్ పేజీ, మోటారు సైకిలుతో వచ్చే పుస్తకం, బస్సు బోర్డులు, పురుగుమందు డబ్బా మీద రాసిన సూచనలు తెచ్చేవాడు. తలుపు వేసి ఉండేది. లోపలినుంచి మొదట సారు గొంతు ఒక్కటే వినిపించేది. దసరా సెలవుల తర్వాత ఇతర గొంతులు కూడా వినిపించాయి, కూడబలుక్కుంటూ, తప్పు చదివి నవ్వుకుంటూ. నేను అటు పోయినప్పుడు వరండాలో నడక తగ్గించేదాన్ని, తలుపు మాత్రం తట్టేదాన్ని కాదు.

చేతిపనుల గదికి మనిషి దొరకడం కష్టమవుతుందనుకున్నాను. ఒక శనివారం ఆ దుబాయి నుంచి వచ్చిన తండ్రే రేకు పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అందులో టెస్టరు, కటింగ్ ప్లయరు, వైరు చుట్టలు.

"దుబాయి కోసం కాదు మేడం, ముందే చెప్తున్న," అన్నాడు. "ఇంట్ల ఫ్యూజు కొట్టేస్తే భయపడకుంట సూసుకునేటందుకు."

ఆ శనివారం నుంచి ప్రతి వారం వచ్చాడు. ఎక్కువసేపు నిలబడలేడు. కుర్చీలో కూర్చుని చెబుతాడు. చైర్మన్ పెద్ద కొడుకు ఆయన దగ్గరే స్విచ్ బోర్డు బిగించడం నేర్చుకున్నాడు. ఆ ఇద్దరు పెద్దవాళ్ళు దుబాయి విషయంలో ఇప్పటికీ ఒప్పుకోరు. మీటింగుల్లో ఎదురెదురుగా కూర్చుంటారు.

వెల్డింగు షాపు పిల్లవాడు తిరిగి రాలేదు. సారు, నేను మళ్ళీ మళ్ళీ పోయాం. "పనిల వడ్డ మేడం, ఇగ రాను," అని మర్యాదగా చెప్పాడు. నచ్చజెప్పగలిగానని చెప్పుకోవాలని నాకూ ఉంటుంది గానీ జరిగింది ఇదే. ఆ దుఃఖం ఒకటి మిగిలిపోయింది.

బడిని ఇంకా కలపలేదు. కలపబోమని కూడా ఎవరూ కాగితం ఇవ్వలేదు. నేనున్న కొన్నేళ్ళలో పైకప్పు బాగుపడింది. గ్రంథాలయం వచ్చింది. ల్యాబు సగంలో ఆగింది, హాలు రాలేదు. ప్రైవేటు బడికి పోయిన పిల్లలు కొందరు మళ్ళీ మా దగ్గర చేరారు. లెక్కల సారు రిటైరయ్యాడు. సన్మానం శాలువా ఇంట్లో పెట్టి, ఆ సోమవారం మామూలుగానే మొదటి పీరియడుకు వచ్చి కూర్చున్నాడు.

కిందటి ఏడు నాకు బదిలీ వచ్చింది, కమ్మర్‌పల్లి వైపు ఒక బడికి. నా తర్వాత వచ్చిన ప్రధానోపాధ్యాయుడు ఉత్సాహవంతుడు. పదో తరగతి ఫలితాలు పెంచాలని మొదటి పీరియడును స్పెషల్ క్లాసులకు ఇద్దామని కమిటీలో ప్రతిపాదించాడట. అప్పుడేమైందో చైర్మన్ నాకు ఫోన్ చేసి చెప్పింది.

"నేను లేసి నిలవడ్డ మేడం. సారూ, స్పెషల్ క్లాసులు సాయంత్రం వెట్టుకోండ్రి, పిలగాండ్లను మేం తోలిస్తం అన్న. పొద్దుగాల గంట మాది, దాన్ని ముట్టనియ్యం అన్న. ఆ దుబాయాయన సుత అదే అన్నడు. మేమిద్దరం ఒక్క మాట మీద ఉన్నది సూసి అందరు పరేషానయిండ్రు."

"కొత్త సారు ఏమన్నాడు?"

"సరే అన్నడు. హాలు సంగతి ఎప్పుడు అడుగుదామని అడిగిండు. వచ్చే వారం అందరం కలిసి నిజామాబాద్ ఆఫీసుకు పోతున్నం."