గీ ముచ్చట రాయకు

నాకు టైపింగ్ నేర్పిన మాస్టారు మహా మొండి మనిషి. మేడ్చల్ బస్టాండు వెనక ఒక మేడ మీద ఆయన ఇన్‌స్టిట్యూట్ ఉండేది. "చెవుల పడ్డది సీదా వేలిమీదికి రావాలె, నడుమ బుర్ర అడ్డం రావొద్దు" అనేవాడు. తొంభైల్లో ఇంటర్ అయిపోయి పెళ్లి కుదరని ఆడపిల్లలందరినీ అక్కడికే తోలేవాళ్లు. నేను లోయరూ హయ్యరూ రెండూ పాసయ్యాను. మాస్టారు చదువుతుంటే నా వేళ్లు వాటంతటవే పరుగెత్తేవి. నేనేమో కింద బండి మీద వేగుతున్న మిర్చి బజ్జీల గురించి ఆలోచించుకుంటూ కూర్చునేదాన్ని. గీ టిక్కుటిక్కు చదువు ఎందుకు పనికొస్తదని మా నాయిన అనేవాడు. మా అత్తమ్మ పాట మళ్లీ వినడానికి పనికొచ్చింది. అదెట్లాగో చెప్తాను.

పెళ్లయి శామీర్‌పేట వచ్చాక, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా ఆయనా నేనూ కరీంనగర్ రోడ్డు మీద ఇంటర్నెట్ సెంటర్ పెట్టాం. మూడు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, మూలుగుతూ పనిచేసే ఒక ప్రింటరు. ఫోను లైను మీద నెట్ రావాలి. కలిసేముందు అది చేసే కీచుగోలకు రోడ్డు మీద పోయే మేకలు కూడా ఆగి లోపలికి చూసేవి. మా మామయ్య దానికి 'కూతల దుకాణం' అని పేరు పెట్టాడు.

మామయ్య సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయన ఒకసారి వార్డు మెంబరుగా చేశాడు. అప్పటి నుంచి లోకంలో ఎవరు ఎవరిని ఏమడిగినా జవాబు తనే చెప్పాలనుకునేవాడు. పేరంటానికి పిలవడానికి వచ్చిన ఆడవాళ్లకు సైతం "వస్తదమ్మా, మా ఆమె తప్పకుండ వస్తది" అని అరుగు మీద నుంచే హామీ ఇచ్చేవాడు. లోపల అత్తమ్మకు ఆ పేరంటం ఎవరింట్లోనో కూడా తెలిసేది కాదు.

మా డాక్టర్ సారుది మేడ్చల్. అత్తమ్మ పుట్టిల్లు అటువైపే కాబట్టి ఆమె పిల్లల చిన్నప్పటి జ్వరాల నుంచీ ఆయనే చూసేవాడు. పోవాలంటే రెండు ఆటోలు మారాలి. అయినా సరే, ఇంకో డాక్టర్ మాటెత్తితే అత్తమ్మ ఊరుకునేది కాదు. అంత దూరం పోయి ఆమె అక్కడ మాట్లాడేది మాత్రం ఏమీ లేదు. సారు "ఏమైందమ్మా?" అని ఆమెనే అడిగేవాడు. జవాబు మామయ్య ఇచ్చేవాడు. "ఏం లేదు సార్, జర సర్ది. సల్లటి నీళ్లు తాగుతది. చెప్తె ఇనదు." ఆ తర్వాత మండలంలో నీళ్ల ఎద్దడి మీదికి పోయేవాడు. బయట బెంచీల నిండా జనం. సారు చీటీ రాసేవాడు, అత్తమ్మ నేల చూపులు చూస్తూ లేచేది. మా వైపు ఏ ఇంట్లోనైనా ఇదే పద్ధతి. రోగం ఆడదానిది, నోరు మొగోడిది. నాకు ఒళ్లు మండిపోయేది గానీ కొత్త కోడలిని, ఏమంటాను!

ఆ ఏడు సారు కూతురు ఆయనకు కంప్యూటర్ కొనిపెట్టి ఈ-మెయిల్ నేర్పించింది. ఆయన క్లినిక్ గోడకు ఒక అట్ట తగిలించాడు. చిన్న చిన్న సందేహాలకు ఇంత దూరం రావొద్దు, ఈ-మెయిల్ చేయండి, మధ్యాహ్నం చూసి జవాబిస్తాను అని. మామయ్య ఆ అట్ట చదివి నవ్విన నవ్వుకు కాంపౌండరు బయటికొచ్చి చూశాడు. "చెయ్యి పట్టుకోకుండ ఎడ్లబేరం గూడ కాదు, వైద్యమైతదా?" అన్నాడు.

నాకు మాత్రం పండగే. అత్తమ్మ బీపీ అంకె నేను పంపేదాన్ని. సారు ఒంటివేలితో కొట్టిన జవాబు కూడా నా ఉత్తరంలాగే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో వచ్చేది. ఉప్పు తగ్గించండి, నడవండి, అంతే. అంతకు మించి ఎప్పుడూ రాలేదు.

ఇగ అసలు బాధ అత్తమ్మ దగ్గు. తెమడ లేని పొడిదగ్గు. ఎక్స్‌రే తీశారు, తెమడ లేకపోయినా ఎట్లాగో పట్టి పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. సీసాల మీద సీసాలు తాగింది. కిటికీలో ఖాళీ సీసాలు వరుస కట్టాయి గానీ దగ్గు మాత్రం ఇంచు కదల్లేదు.

మా గల్లీలో బతుకమ్మ పాట ఎత్తుకునేది అత్తమ్మే. ఆమె చరణం అందిస్తే చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా అందుకుంటారు. పెద్ద గొంతు ఆమెది, కాస్త గరుకుగా ఉంటుంది. మైకు అక్కర్లేదు. ఇంట్లో నోరు తెరవని మనిషి అక్కడ బతుకమ్మల ముందు నిలబడితే గల్లీ మొత్తం ఆమె చెప్పినట్టు వినేది. కిందటేడు పాట మొదలుపెట్టిన కాసేపటికే దగ్గు తెర కమ్మింది. ఆగింది, మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ దగ్గు. పక్కింటావిడ పాట అందుకుంది. అత్తమ్మ మెల్లగా ఇంట్లోకొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ రోజు నుంచి కూనిరాగం కూడా లేదు. తన కంచం, తన గ్లాసు వేరుగా పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎందుకత్తమ్మా అంటే "గట్ల అలవాటైంది" అనేది. నాకు ఏడుపొచ్చేది.

మళ్లీ బతుకమ్మ నెలన్నర ఉందనగా ఒక మధ్యాహ్నం, మామయ్య ఏదో ప్లాటు తగువు తీర్చడానికి పేట్ బషీరాబాద్ పోయాడు. అత్తమ్మ నాకు టిఫిన్ డబ్బా తీసుకొని సెంటర్‌కు వచ్చింది. డబ్బా ఇచ్చి పోలేదు. అటూ ఇటూ చూసి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"డాక్టర్ సారుకు రెండు ముక్కలు రాస్తవా పిల్లా? నేను జెప్త."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకొని, కంప్యూటర్ వైపు చూసి, గొంతు సవరించుకుంది. నేను కీబోర్డు మీద వేళ్లు పెట్టాను.

"డాక్టర్ సారుకు దండాలు. మేమంత మంచిగున్నం. అమ్మగారి మోకాళ్లు ఎట్లున్నయ్? మా బర్రె ఈనింది. పెయ్యదూడ."

"అత్తమ్మా, దగ్గు సంగతి చెప్పు."

"వస్తున్న, ఆగు. మంచిసెడ్డ అడగకుండ రోగం మీద పడ్తరా ఎవరన్న? ఆఁ, రాయి. దగ్గు తగ్గలే సారూ. గొంతుల ఈక పెట్టి తిప్పినట్టుంటది. మీరిచ్చిన సీసాలన్ని తాగిన. బీపీకి మీ గోలీలే వేసుకుంటున్న."

అక్కడ ఆగింది. నా చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించింది.

"గీ ముచ్చట రాయకు పిల్లా. సారు గోలీలు బందు పెట్టి ఏడాది దాటింది. కంటి ఆపరేషనప్పుడు కౌకూర్ల మా తమ్మునింట్ల ఉంటి గద? అక్కడి దవాఖానల బీపీ గోలీ మార్చి ఇచ్చిన్రు. తమ్ముడే కొని పంపుతుండు. మీ మామకు గూడ జెప్పలే. సారుకు తెలిస్తె మొఖం చిన్నబోతది. ఇన్నేండ్ల సంది సూసిన నన్ను కాదని ఇంకొకరి మందు మింగుతున్నదా అనుకోడా?"

కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకొని మళ్లీ అంది.

"గిది గూడ రాయకు. ఫోటోల ఏం లేదంటున్నరు గానీ నాకు జెప్తలేరనిపిస్తాంది. మా మేనత్త గిట్లనే దగ్గి దగ్గి పోయింది. గందుకే కంచం పక్కకు పెట్టుకున్న. ఈసారి బతుకమ్మకు గడప దాట. పాట ఎత్తుకోని దాన్ని, ఆడ నిలబడి ఏం జేస్త?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగి తెర మీద అక్షరాలు కనపడలేదు. ఆమె మొహమే చూస్తున్నాను. అప్పుడే బయటి నుంచి మా ఆయన కేక. "లైను పోతాంది, పంపేది ఉంటె జల్దీ పంపు!" కిందికి మీదికి చూడకుండా పంపేశాను.

మర్నాడు మధ్యాహ్నం అత్తమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. సారు జవాబు వచ్చింది. ఎప్పుడూ ఒక్క ముక్క రాసే మనిషి తెర నిండా రాశాడు. నేను పైకి చదవడం మొదలుపెట్టాను.

"అమ్మా, నమస్తే. బర్రె ఈనినందుకు సంతోషం. మా ఆవిడ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. మీరు రాయొద్దన్న రెండు ముచ్చట్లూ చదివాను."

నేను అక్కడే ఆగిపోయాను.

"ఏంది? మళ్ల సదువు" అంది అత్తమ్మ.

నేను చదవలేదు. గబగబా నిన్నటి ఉత్తరం తెరిచాను. అంతా ఉంది. గోలీలు, తమ్ముడు, మేనత్త, కంచం, అన్నీ. "గీ ముచ్చట రాయకు పిల్లా" అన్నది కూడా అక్షరం పొల్లు పోకుండా ఉంది. నేను చూస్తున్నది ఆమె మొహాన్ని, నా వేళ్లు వింటున్నది మా మాస్టారిని!

"రాయకు అన్నది గూడ రాసినవా? ఓసి నీ వేళ్లు పాడుగాను, నా ఇజ్జత్ గంగల కలిపితివి గదనే!" అత్తమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది, డాక్టర్ ఆ తెరలోంచి చూస్తున్నట్టు. పక్క అడ్డంలో పరీక్షా ఫలితాలు చూసుకుంటున్న పిల్లలు లేచి తొంగిచూశారు.

"అత్తమ్మా, జర ఆగు, ఇంకా ఉంది" అని మిగతాది చదివాను.

"నా మొఖం ఏమీ చిన్నబోలేదమ్మా. అక్కడివాళ్లు ఇచ్చింది కూడా మంచి మందే అయి ఉంటుంది. అయితే బీపీ గోలీల్లో ఒక రకం కొందరికి ఇట్లాంటి పొడిదగ్గు తెస్తుంది. మీరు వేసుకునేది అదేనేమో చూడాలి. మీ అంతట మీరు ఆపొద్దు. ఆ గోలీల పట్టీ తీసుకొని రేపు రండి. మీ మేనత్త రోగం మీకు లేదు. నేను దాచిపెట్టలేదు, నిజంగా లేదు. కంచం మళ్లీ అందరితో పెట్టుకోండి. రేపు వచ్చినప్పుడు పెద్దాయన్ను బయట కూర్చోమనండి."

అత్తమ్మ కొంగు కొంచెం కిందికి దించింది. "గా రోగం లేదన్నది మళ్ల సదువు" అంది. చదివాను. ఇంకోసారి అంది. ఇంకోసారి చదివాను. మూతి ముడుచుకొనే ఉంది గానీ కళ్లు నవ్వుతున్నాయి.

మర్నాడు క్లినిక్‌లో మామయ్య బెంచీ మీద కూర్చోలేక లేచి, నిలబడలేక కూర్చొని, కాంపౌండరు ప్రాణం తీశాడు. "నేను లేకుంటె ఆమె ఏం జెప్తది? ఆమెకు మాటలే రావు!" లోపల అత్తమ్మ మాట్లాడుతూనే ఉంది. తలుపు సందులోంచి ఆమె గొంతు వినపడుతుంటే ఈయన చెవి అటే. చివరికి కాంపౌండరుతో మెల్లగా అన్నాడు, "గింత మాట్లాడుతదా?"

సారు పట్టీ చూడగానే అదే మందన్నాడట. మార్చి ఇచ్చాడు. దగ్గు ఒక్కరోజులో పోదు, కొన్ని వారాలు పడుతుంది, కంగారు పడొద్దన్నాడు. తమ్ముడిని ఏమీ అనొద్దని కూడా చెప్పాడు. మామయ్యకు ఆటోలో వస్తూ అత్తమ్మే అంతా చెప్పింది. ఆయన అరుస్తాడనుకున్నాను. ఆయన దారంతా రోడ్డు వైపు చూసి, ఇల్లు రాగానే తనే పోయి ఆమె కంచం తెచ్చి మా కంచాల మీద ధడేల్మని పెట్టాడు.

అప్పటి నుంచి వారానికోసారి అత్తమ్మ ఉత్తరం చెప్పడం, నేను కొట్టడం. దగ్గు సగమైందని ఒకసారి, రాత్రి నిద్ర పట్టిందని ఒకసారి, దూడ మేత ముట్టిందని ఒకసారి. ఇది చూసి మామయ్యకు కడుపు మండింది. తన నడుం నొప్పికి తనూ ఒకటి రాయించాడు. "గౌరవనీయులైన డాక్టర్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు" అని మొదలుపెట్టి నడుం దగ్గరికి వచ్చేసరికి టైము అయిపోయింది. గల్లీ ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కూర్చోగానే అందరూ "గీ ముచ్చట రాయకు" అనే మొదలుపెట్టేవాళ్లు. అసలు రోగం ఎప్పుడూ ఆ మాట తర్వాతే బయటికొచ్చేది. ఇప్పుడు మాత్రం నేను బుర్ర పెట్టి, రాయమంటావా వద్దా అని అడిగి మరీ రాసేదాన్ని.

ఒక పొద్దున పశువుల కొట్టం నుంచి ఏదో రాగం వినపడింది. బిందె అక్కడే వదిలేసి చప్పుడు కాకుండా పోయి నిలబడ్డాను. అత్తమ్మ పాలు పిండుతూ పాడుకుంటోంది. నన్ను చూసి ఆపేసింది. "ఏందే, పనిలేదా?" అంది. నేను ఇంట్లోకి పరుగెత్తి మా ఆయన్ను నిద్రలేపాను.

సద్దుల బతుకమ్మ నాడు ఆమె గడప దాటింది. తంగేడు, గునుగు పూల బతుకమ్మలు గల్లీ మధ్యలో పెట్టారు. ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి ఆమె వైపు చూశారు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకొని, ఒకసారి గుటక వేసి పాట ఎత్తుకుంది. నేను చప్పట్లు కొడుతూనే ఊపిరి బిగబట్టాను. మొదటి చరణం అయింది. రెండోది అయింది. కిందటేడు ఆగిన చోటు వచ్చింది, దాన్ని దాటుకొని పాట పోతూనే ఉంది. చెరువుకు పోయేదాకా ఆమె పాట ఆగలేదు, మేము అందుకోవడం ఆపలేదు. నాకంత సంతోషం నా పెళ్లిలో కూడా కలగలేదు, నిజం!

మర్నాడు అత్తమ్మ దర్జాగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"రాయి. డాక్టర్ సారుకు దండాలు. నిన్న మస్తుగ పాడిన. ఒక్కసారి గూడ దగ్గు రాలే. దూడ మంచిగుంది."

రాశాను. ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"గీ ముచ్చట రాయకు పిల్లా. నేను పాడుతుంటె మీ మామ దర్వాజల నిలబడి ఏడ్సిండు. ఎవ్వరన్న పలకరిస్తె నోట్లకెళ్లి మాట రాలే ఆయనకు."

నేను కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె తెర వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది.

"రాసినవా?"

"నువ్వే రాయొద్దంటివి గదత్తమ్మా."

ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకొని గొంతు సవరించుకుంది.

"ఆఁ," అంది, "రాయి."