కరస్పాండెంటు వేసిన గ్లూకోజ్

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నన్ను జమ్మలమడుగు శాఖ నుంచి ప్రొద్దుటూరులోని మా ప్రైవేటు డిగ్రీ కాలేజీకి మైక్రోబయాలజీ విభాగాధిపతిగా బదిలీ చేశారు. విభాగమంటే నేనూ, కాంట్రాక్టు లెక్చరర్ షమీమూ. పీజీ కోర్సుకు అనుమతి వస్తేనే ఆమె ఉద్యోగం నిలుస్తుంది, రాకపోతే ఇంటికే.

ఆ అనుమతి ఇచ్చే విశ్వవిద్యాలయ తనిఖీ బృందం కోసం ఆమె ఒక ప్రయోగం సిద్ధం చేసింది. బాక్టీరియాలో జెల్లీచేప జన్యువు ఒకటి పెట్టాం. అరబినోజ్ అనే చక్కెర అందితే ఆ జన్యువు మేలుకుని ప్రొటీన్ తయారుచేయిస్తుంది. అతినీలలోహిత దీపం కింద అది పచ్చగా వెలుగుతుంది. పక్కనే గ్లూకోజ్ ఉంటే మాత్రం బాక్టీరియా దాన్నే తింటూ కూర్చుంటుంది, జన్యువును మేల్కొననివ్వదు.

కాలేజీ నడిపే మా కరస్పాండెంటుది పులివెందుల. అతిథి మర్యాదల్లో ఆయనకు ఆయనే సాటి. ముందురోజు సాయంత్రం, అరబినోజ్ కలిపి అప్పుడే బాక్టీరియా వేసిన ఫ్లాస్కులు చూసి నొచ్చుకున్నాడు.

"ఏందప్పా ఇవి, ఉత్త నీళ్ల మాదిరుండాయి! పెద్దోళ్లు వస్తాండారు, బాగా మేత పెట్టండి."

వద్దని చెప్పాను. మమ్మల్ని అతిథుల విందు పని మీద బిర్యానీ మాస్టరు దగ్గరికి పంపి, ఎండకు తాగడానికి తెచ్చుకున్న గ్లూకోజ్ పొడిని తనే గుమ్మరించాడు. బాక్టీరియాను వెచ్చగా పెంచే ఇంక్యుబేటరు పిడి ఊడిపోయి స్క్రూడ్రైవరుతో తప్ప తెరుచుకోదు. బాగుచేయించమని ఎన్నిసార్లు అడిగినా ఆయన వినలేదు. ఆ పుణ్యాన అందులో అరబినోజ్‌తో అదే బాక్టీరియా పెరుగుతున్న ప్లేట్లు ఆయన మర్యాదను తప్పించుకున్నాయి.

మర్నాడు బృందం ముందు దీపం వేస్తే ఫ్లాస్కులు మజ్జిగలా చిక్కగా ఉన్నాయి, వెలుగు మాత్రం లేదు.

"శానా బలంగా పెరిగినాయి మేడం" అన్నాడాయన బృందం అధ్యక్షురాలితో. నాకు ఒళ్లు మండిపోయింది.

షమీమ్ బల్ల కింద ఖాళీ గ్లూకోజ్ పొట్లం చూసి స్క్రూడ్రైవరు అందుకుంది. ఇంక్యుబేటరు తెరిచి, పచ్చగా వెలిగే ప్లేట్లను ఫ్లాస్కుల పక్కన పెట్టింది. గ్లూకోజ్ ఉంటే ఇలా, లేకుంటే అలా, జన్యు నియంత్రణ అంటే ఇదే అని వివరించింది. అధ్యక్షురాలు ముచ్చటపడి, ఈ ఏర్పాటు ఎవరిదని అడిగారు.

"అంతా మా ప్లానే మేడం. గ్లూకోజ్ నేనే వేసినా."

ఎందుకు వేశారని ఆవిడ అడిగేసరికి ఆయన ఫ్యాను వైపు చూశాడు. ఆవిడ షమీమ్ పేరు రాసుకున్నారు.

అనుమతి వచ్చింది, కోర్సును షమీమే చెప్పాలన్న షరతుతో. ఆ పోస్టు ఇస్తానని కరస్పాండెంటు తన అల్లుడికి ముందే మాటిచ్చేశాడని అప్పుడు తెలిసింది.

"ఆ పేరు మార్చేదానికి కాదా అప్పా?" అని నన్నడిగాడు. కాదన్నాను.

ప్రైవేటు కాలేజీలో పని వస్తే చాలదు. ఆ సంగతి యాజమాన్యం చెరపలేని చోట రాసి ఉండాలి.